పెరూ చరిత్రలో చెప్పుకోదగ్గ సైనిక వీరులు ఎవరు?

ఈ ప్రశ్నకి స్పెయిన్ చేతిలోంచి పెరూని విడిపించిన బొలివార్, సాన్ మార్టిన్ అని ఎవరైనా చెప్తారు. ఇద్దరూ పెరూవాళ్లు కారు. ఒకాయనది వెనిజులా, ఇంకొకాయనది అర్జెంటీనా. నన్నడిగితే చెప్పేది ఒక్క పేరే, పెరూ నౌకాదళ అధికారి మిగెల్ గ్రౌ. ఇందులో నా స్వార్థం కూడా కొంచెం ఉంది. ఆయన మాలాగే మర్చంట్ షిప్పుల్లో ఉప్పునీళ్లు తాగినవాడు.

నేను షిప్పులో ఇంజనీర్ని, మాది విశాఖ. సముద్రం ఒడ్డునే ఉన్న ఊరు, అయినా ఉద్యోగం చెప్పగానే "నేవీనా?" అంటారు. కాదండీ, సరుకు మోసే ఓడ అంటే మొహంలో వెలుగు తగ్గిపోతుంది. మా పెళ్లిచూపుల్లో ఒకావిడ "అయితే తుపాకీ ఇవ్వరా?" అని కూడా అడిగింది.

గ్రౌ 1834లో పుట్టాడు, తొమ్మిదేళ్లకే ఓడెక్కాడు. తర్వాత నేవీలో చేరాడు. 1866లో ప్రభుత్వం ఒక అమెరికన్‌ని తెచ్చి నౌకాదళం నెత్తిన కూర్చోబెడితే, ఆయన కింద పనిచేయం అన్న అధికారుల్లో ఈయనొకడు. జైల్లో పెట్టారు, విచారించారు, చివరికి వదిలేశారు. ఆ తర్వాత ఓ ఇంగ్లీషు కంపెనీ ఆవిరి ఓడ 'పూనో'కి కెప్టెన్‌గా వెళ్లాడు. మా లైన్లో దీన్ని కాంట్రాక్టు చేయడం అంటాం.

1879లో యుద్ధం వచ్చింది. అటకామా ఎడారిలో నైట్రేట్ తవ్వుతున్న చిలీ కంపెనీ మీద బొలీవియా క్వింటాలుకి పది సెంటవోలు పన్ను వేసింది. చిలీ సైన్యం వచ్చి అంతోఫగాస్తా రేవులో దిగిపోయింది. బొలీవియాతో రహస్య ఒప్పందం చేసుకుని ఉన్న పెరూ ఆ గొడవలో ఇరుక్కుంది. అప్పటికి గ్రౌ చేతిలో ఉన్న ఓడ పేరు హువాస్కార్. రెండు పెద్ద ఫిరంగులు, ఇనుప కవచం, ముందు పొడవడానికి ముక్కు.

కొన్నేళ్ల కిందట మా ఓడ కాగితం గుజ్జు లోడింగ్ కోసం చిలీలో సాన్ విసెంటె రేవుకి వెళ్లింది. పక్కనే తల్కవానో. అక్కడి నేవీ స్థావరంలో హువాస్కార్ ఇంకా నీళ్ల మీదే ఉంది, మ్యూజియంగా. చిలీవాళ్లు యుద్ధంలో పట్టుకున్న ఓడ అది. మా ఫిట్టర్‌ది పెరూలోని కయావో. షోర్ లీవ్, అంటే ఒడ్డుకి దిగే సెలవు, దొరికితే అందరూ ఉచిత వైఫై కోసం పరిగెత్తారు, మేమిద్దరం అక్కడికి వెళ్లాం.

డెక్ మీద ఒకచోట ఫిట్టర్ ఆగాడు. ఆర్తురో ప్రాట్ పడిన చోటు అది. ప్రాట్ చిలీ అధికారి. 1879 మే 21న ఇకీకే దగ్గర హువాస్కార్ వచ్చి ఆయన పాత చెక్క ఓడ ఎస్మెరాల్డాని గుద్దింది. ఆయన కత్తి దూసి శత్రువు డెక్ మీదకి దూకి, అక్కడే చనిపోయాడు. మూడోసారి గుద్దాక ఎస్మెరాల్డా మునిగింది. గ్రౌ వెంటనే పడవలు దింపించి, నీళ్లలో ఉన్న శత్రువుల్ని పైకి లాగించాడు.

జూన్ 2న గ్రౌ, ప్రాట్ భార్య కార్మెలాకి ఉత్తరం రాశాడు, ప్రాట్ వస్తువులు కూడా జాబితాతో సహా పంపాడు. కత్తి ఒకటి, పెళ్లి ఉంగరం, ముత్యపు చిప్ప బొత్తాలు, ఒక జత చేతి తొడుగులు, తెల్ల చేతిరుమాలు, భార్య ఫోటో, విప్పని ఉత్తరం ఒకటి. ఫిట్టర్ ఇవన్నీ బడిలో నేర్చుకున్న పద్యంలా అప్పజెప్పాడు.

అలాంటి జాబితా నేనూ ఒకసారి రాశాను. మా చీఫ్ కుక్, శ్రీకాకుళం వైపువాడు, నడిసముద్రంలో గుండెపోటుతో పోయాడు. ఓడలో ఎవరైనా పోతే సామాన్లు లెక్కరాసి సంతకాలు పెట్టాలి. ఫోను ఒకటి, ఛార్జర్ ఒకటి, లుంగీలు రెండు, కూతురికి కొన్న బొమ్మ ఒకటి, ఆవకాయ సీసా, సగం. ఆ సీసా రాయాలా వద్దా అని సెకండ్ ఆఫీసర్‌కీ నాకూ గొడవ. చివరికి రాశాం. ఆ పెట్టె వాళ్లింటికి చేరడానికి కంపెనీకి నాలుగు నెలలు పట్టింది. దాంతో వెళ్లిన సంతాప ఉత్తరంలో పేరు తప్ప మిగతాదంతా అచ్చు ఫారమే. పన్నెండు రోజుల్లో, అదీ యుద్ధం మధ్యలో, తను చంపిన ఓడ కెప్టెన్ భార్యకి స్వయంగా రాసిన మనిషిని ఏ జాబితాలో ఎక్కడ పెడతారో మీ ఇష్టం.

గ్రౌ ముఖ్యంగా ఆ ఒక్క ఓడతోనే అక్టోబరు దాకా చిలీవాళ్లని సముద్రం మీద నిలవనివ్వలేదు. జులైలో గుర్రపు దళంతో వెళ్తున్న రీమాక్ అనే ఓడని పట్టుకుంటే, చిలీ నౌకాదళాధిపతి పదవి వదులుకోవాల్సి వచ్చింది. చివరికి అక్టోబరు 8న అంగామోస్ దగ్గర చిలీ ఇనుప ఓడలు చుట్టుముట్టాయి. గ్రౌ నిలబడిన ఇరుకు కమాండ్ టవర్‌ని ఒక గుండు తాకింది. ఆయన కాలి ముక్క తప్ప పెద్దగా ఏమీ దొరకలేదు. ఒకరి తర్వాత ఒకరు అధికారులు పడిపోతుంటే, ఆఖరికి గారెసోన్ అనే లెఫ్టినెంట్ ఓడని ముంచేయమని ఇంజిన్ రూంకి ఆర్డర్ ఇచ్చాడు. సముద్రపు నీళ్లు లోపలికొచ్చే వాల్వులు తెరిచారు. చిలీవాళ్లు ఎక్కి, ఇంజనీర్లకి రివాల్వర్ పెట్టి మూయించారు.

అడిగింది వీరుల జాబితా కాబట్టి ఇంకో ఇద్దరు: 1880లో అరికా కొండ మీద ఆఖరి తూటా దాకా పోరాడతానని చెప్పి అన్నంత పనీ చేసిన బొలొగ్నేసి, రాజధాని లీమా చిలీవాళ్ల చేతిలో పడిపోయాక కూడా కొండల్లో క్వెచువా రైతులతో కలిసి పోరు సాగించిన కాసెరెస్. చదవండి, బాగుంటుంది.

కమాండ్ టవర్ దగ్గర ఫిట్టర్ టోపీ తీసి, మెల్లగా "ప్రెసెంతె" అన్నాడు, అంటే హాజరు అని. గ్రౌ పార్లమెంటు సభ్యుడు కూడానట. ఇప్పటికీ అక్కడ హాజరు పిలిచేటప్పుడు ఆయన పేరు పిలుస్తారు, సభ్యులందరూ "హాజరు" అంటారు. కాపలా ఉన్న చిలీ నేవీ కుర్రాడు విని కూడా ఏమీ అనలేదు.

నాకు మాత్రం ఆ వాల్వులు చూడాలనిపించింది. నాకు స్పానిష్ రాదు, ఆ కుర్రాడికి ఇంగ్లీషు రాదు. చేత్తో వాల్వు తిప్పినట్టు చూపించి, నా గుండె మీద వేలు పెట్టుకుని "ఇంజనీర్" అన్నాను. నవ్వాడు. కిందికి వెళ్లే మెట్లకి అడ్డంగా కట్టిన తాడు చూపించి, నో అన్నాడు.