పాతవాటికీ కొత్తవాటికీ ఒకే డెస్క్‌టాప్: మేనకోడలికి మామయ్య లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. పూర్వ విద్యార్థులు మీ బడికి పాత కంప్యూటర్లు ఇచ్చారని, కొత్తవి కూడా నాలుగు వచ్చాయని, వాటికి ఏ లినక్స్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత వ్యవస్థ) వేస్తే బాగుంటుందో చెప్పమని రాశావు. నువ్వు పంపిన వివరాలన్నీ చూశాను. పాతవి చాలావరకు కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్. కొత్తవి పన్నెండో తరం ఐ3, 8 జీబీ. పారేయాల్సింది వాటిలో ఒక్కటీ లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పూ, వాళ్ల జాబితాలో ఉన్న ప్రాసెసరూ కావాలి. ఆ కారణం ఒక్కటి చూపించి శుభ్రంగా పనిచేసే యంత్రాలను తుక్కు కింద అమ్మేస్తున్నారు. నాకు అది చాలా బాధగా ఉంటుంది. మీ బడిలో అలా జరగనివ్వకు.

ముందు అసలు మాట చెప్తాను. పాతవాటికొకటి, కొత్తవాటికొకటి వేయొద్దు. అన్నిటికీ డెబియన్ 13 అనే లినక్స్ వేసి, దాని మీద ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పెట్టు. డెస్క్‌టాప్ అంటే ఇక్కడ తెర మీద కనపడే మెనూ, ప్యానెల్, కిటికీల ఏర్పాటు. పిల్లలు ఏ రోజు ఏ కంప్యూటర్ ముందు కూర్చుంటారో తెలియదు కదా. ఎక్కడ కూర్చున్నా మెనూ అదే మూల, ఫైళ్లు అదే చోట కనపడాలి. కొత్త కంప్యూటర్ దొరికిన పిల్లాడు గొప్ప, పాతది దొరికినవాడు తక్కువ అన్న భావం గదిలోకి రాకూడదు. అంతకన్నా పెద్ద లాభం నాకు ఇందులో కనపడదు.

ఎక్స్ఎఫ్‌సీఈనే ఎందుకంటావేమో. ఒలివియే ఫూర్దాన్ 1996లో మొదలుపెట్టిన డెస్క్‌టాప్ అది. 2024 డిసెంబర్‌లో 4.20 వచ్చింది. ఇన్నేళ్లలో లోపల ఎంతో మారింది గానీ, ప్యానెల్, మెనూ, కిటికీలు అన్న పద్ధతి మారలేదు. ఈ ఏడు నువ్వు తయారుచేసుకున్న పాఠం మూడేళ్ల తర్వాత కూడా పనికొస్తుంది. దీనికన్నా తేలికైనవి లేకపోలేదు. ఎల్ఎక్స్‌క్యూటీ అనే డెస్క్‌టాప్ ఉంది, ఐస్‌డబ్ల్యూఎం అనే ఇంకా తేలికైన కిటికీల ప్రోగ్రాం పెట్టుకున్న యాంటీఎక్స్ అనే లినక్స్ ఉంది. కానీ ఎల్ఎక్స్‌క్యూటీ వాడితే ఎక్స్ఎఫ్‌సీఈకన్నా అదనంగా మిగిలే ర్యామ్ మహా అయితే నూటయాభై, రెండు వందల ఎంబీ. బ్రౌజర్‌లో ఒక్క బరువైన పేజీ తెరిస్తే అది కాస్తా పోతుంది. 1 జీబీ ర్యామ్‌తో ఆగిపోయిన యంత్రమేదైనా ఉంటే దానికి మాత్రం యాంటీఎక్స్ వేయి. ఆటమ్ ఎన్270 లాంటి పాత నెట్‌బుక్ వస్తే దానికీ అంతే. ఆ ప్రాసెసర్ 32 బిట్‌ది, డెబియన్ 13కి 32 బిట్ పీసీల ఇన్‌స్టాలర్ లేదు. కోర్ 2 డ్యుయో 64 బిట్‌దే కాబట్టి నీకా బెంగ అక్కర్లేదు. అయితే 64 బిట్ అయితే చాలు, ఏదైనా ఎక్కుతుంది అనుకోకు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9, దాని ఆధారంగా వచ్చినవి కొన్ని కొత్త ప్రాసెసర్ సూచనలు తప్పనిసరిగా అడుగుతాయి. కోర్ 2 డ్యుయోలో అవి లేవు.

ఇన్‌స్టాల్ చేయడానికి ముందు మూతలు తీయించు. ఈ పని చేయకుండా సాఫ్ట్‌వేర్ మార్చి ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది. దుమ్ము దులిపించు, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ (వేడిని లాగే పూత) తుడిపించి కొత్తది రాయించు. వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దాన్ని చూసి లినక్స్ నెమ్మది అనుకుంటారు. తర్వాత మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ మార్పించు. చిన్న విషయమే గానీ, అది అయిపోతే కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే బ్రౌజర్ ఏ వెబ్‌సైట్‌నీ నమ్మదు, సర్టిఫికెట్ చెల్లదంటుంది. అప్‌డేట్లూ దిగవు. ఇంటర్నెట్ పాడైందనుకుని కేబుళ్లన్నీ పీకి చూసేవాళ్లను చాలామందిని చూశాను.

డబ్బులు ఎంతో కొంత దొరికితే మొదట ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) కొను, ర్యామ్ తర్వాత. పాత మదర్‌బోర్డుల సాటా (డిస్క్‌ను కలిపే దారి) వేగం కొత్తవాటికన్నా తక్కువే. అయినా సరే పెట్టించు. హార్డ్ డిస్క్‌లో నెమ్మదికి మూలం ముల్లు అటూ ఇటూ తిరుగుతూ ముక్కముక్కలుగా ఉన్న సమాచారం వెతకడం. ఎస్ఎస్‌డీలో ఆ తిరుగుడే ఉండదు. కంప్యూటర్ లేవడం, ప్రోగ్రాములు తెరుచుకోవడం మారిపోయిన సంగతి పిల్లలకే తెలిసిపోతుంది. బడి పనికి 240 జీబీవి సరిపోతాయి. ర్యామ్ కొనేముందు బోర్డు డీడీఆర్2దా, డీడీఆర్3దా అని స్టిక్కర్ చూసి రాసుకో. ఒకదాని గాడిలో ఇంకొకటి పట్టదు. డీడీఆర్2 ఇప్పుడు మామూలు షాపుల్లో దొరకదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్ సామాను చూసేవాళ్లను అడిగించు. 4 జీబీ చేయగలిగితే ఆ యంత్రాలతో నీకిక ఇబ్బంది ఉండదు. ర్యామ్ దొరకనివాటిలో జడ్‌ర్యామ్ టూల్స్ అనే ప్యాకేజీ వేయి. ర్యామ్‌లో వాడకుండా పడి ఉన్న భాగాలను అది నొక్కి చిన్నవి చేసి అక్కడే దాచిపెడుతుంది, డిస్క్ దాకా పోనివ్వదు. 2 జీబీ యంత్రానికి తేడా బాగా తెలుస్తుంది.

ఇక ఇన్‌స్టాల్ చేయడం. వెంటాయ్ (పెన్‌డ్రైవ్ నుంచే కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాం) పెట్టిన పెన్‌డ్రైవ్‌లో డెబియన్ లైవ్ ఫైల్ వేసుకుని ముందు దానితోనే ప్రతి కంప్యూటర్‌నూ నడిపి చూడు. డిస్క్ మీద ఏమీ రాయకముందే వైఫై, సౌండ్, తెర సైజు చూసుకోవచ్చు. అసలు ఇన్‌స్టాలర్‌లో రెండు చోట్ల ఆగి చదువు. రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) పాస్‌వర్డ్ అడిగిన చోట ఖాళీగా వదిలేస్తే, నువ్వు సృష్టించే మొదటి యూజర్‌కే సుడో అధికారం (రూట్ పనులు చేసే హక్కు) వస్తుంది. అలాగే చేయి. తర్వాత డెస్క్‌టాప్ ఎంచుకునే తెరలో గ్నోమ్ అనే వేరే డెస్క్‌టాప్‌కి ముందే టిక్ ఉంటుంది. అది తీసేసి ఎక్స్ఎఫ్‌సీఈకి పెట్టు. అక్కడ ఎంటర్ కొట్టేస్తూ పోతే బరువైన డెస్క్‌టాప్ దిగి, తేలికదన్నారే అని మళ్లీ నాకు రాస్తావు.

మీ ఊళ్లో నెట్ సంగతి నాకు తెలుసు. అన్ని కంప్యూటర్లూ ఒకే అప్‌డేట్‌ను విడివిడిగా దించుకోవడం దండగ. కొత్తవాటిలో ఒకదానిలో ఆప్ట్ క్యాషర్ ఎన్‌జీ (దిగిన ప్యాకేజీలను దాచి పంచే ప్రోగ్రాం) వేసి, మిగతావన్నీ దాన్నే అడిగేలా పెట్టు. ఒకసారి దిగిన ప్యాకేజీ గదిలోని తీగల మీదే అందరికీ అందుతుంది. ఒక కంప్యూటర్‌లో ప్యానెల్, మెనూ అన్నీ నీకు నచ్చినట్టు సర్దుకున్నాక, హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్ తెరువు. అందులో ఎక్స్ఎఫ్‌సీఈ4 పేరుతో ఒకటి ఉంటుంది. దాన్ని మిగతావాటిలోకి కాపీ చేస్తే చాలు, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పాతవాటిలో మాత్రం విండో మేనేజర్ ట్వీక్స్‌కి వెళ్లి కంపోజిటర్ ఆపేయి. నీడలు, పారదర్శకత పోతాయి, అంతకుమించి ఏమీ పోదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. డెస్క్‌టాప్ ఎంత తేలికదైనా వెబ్ తేలిక కాదు. పాతవాటి బరువంతా బ్రౌజర్‌లోనే ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ వేసి ప్రకటనలు ఆపితే చాలా పేజీలు తేలికవుతాయి. యూట్యూబ్ పంపే వీపీ9, ఏవీ1 రకం (కొత్త పద్ధతుల్లో కుదించిన) వీడియోలు విప్పడం కోర్ 2 డ్యుయోకి పెద్ద పని. హెచ్264ఐఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే దానికి సులువైన హెచ్.264 రకమే అడుగుతుంది. 480పీ నాణ్యతతో సరిపెట్టుకోమని పిల్లలకు చెప్పు. వీడియో కాల్ తరగతులు మాత్రం కొత్తవాటిలోనే పెట్టుకో. పాతవాటిని లిబ్రేఆఫీస్, జీకాంప్రి (పిల్లల చదువు ఆటలు), పైతాన్, టైపింగ్ పనులకు ఉంచు. వాటికి అవి నిండుగా సరిపోతాయి.

కొత్త కంప్యూటర్లకు తేలిక డెస్క్‌టాప్ ఎందుకని మీ హెడ్‌మాస్టర్ గారు అడిగారన్నావు. డెస్క్‌టాప్ తీసుకోని ర్యామ్ అంతా పిల్లల పనికి మిగులుతుందని చెప్పు. ఈ కంప్యూటర్లు కూడా రేపు పాతబడేవే. అప్పుడూ ఇదే డెస్క్‌టాప్ వాటిని లాగుతుంది. కొత్తవాటిలో వచ్చే చిక్కులు వేరు. ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనపడకపోతే బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరిచే సెట్టింగుల తెరలో) ఇంటెల్ వీఎండీ అనే డిస్క్ సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడు. అయితే లోపలున్న విండోస్ ఉంచుకోవాలనుకుంటే తొందరపడి మార్చకు, విండోస్ లేవకుండా పోవచ్చు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఉంటే రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకో. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపి, పార్టిషన్‌ను (డిస్క్‌లో విండోస్ ఉన్న భాగాన్ని) విండోస్‌లోంచే తగ్గించు. సెక్యూర్ బూట్ (నమ్మకమైన వ్యవస్థలనే లేవనిచ్చే భద్రత) ఆపమని ఎవరైనా చెప్పినా ఆపక్కర్లేదు, డెబియన్ దానితోనే లేస్తుంది. చిన్న ల్యాప్‌టాప్ తెరల మీద అక్షరాలు చిన్నవైతే అపియరెన్స్ సెట్టింగ్స్‌లో ఫాంట్ డీపీఐ 96 నుంచి 120కి పెంచు.

తెలుగు గురించి అడగలేదు నువ్వు, కానీ మన బడికి అది ముందు రావాలి. పిల్లలకు ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలకే కీలు కేటాయించిన పద్ధతి) నేర్పేటట్లయితే కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ చేర్చు, చాలు. వెనకాల వేరే ప్రోగ్రామేదీ నడవక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి కావాలన్నవాళ్లకు ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాం, దాని ఎం17ఎన్ ప్యాకేజీ వేయి. పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లోనే దొరుకుతాయి. పంతుళ్ల పాత ప్రశ్నపత్రాలు చాలావరకు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉంటాయి. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ చదవగల అక్షరాల పద్ధతి) కావు, లినక్స్‌లో తెరిస్తే గజిబిజిగా వస్తాయి. వాటి కోసం ఒక కొత్త కంప్యూటర్‌లో విండోస్ కూడా ఉండనివ్వు. ఎవరి పనీ ఆగకూడదు. ఇకమీదట రాసేవి మాత్రం యూనికోడ్‌లో రాయమని పంతుళ్లందరినీ బతిమాలు.

ప్రింటర్ మోడల్ రాయడం మర్చిపోయావు. హెచ్‌పీదైతే చాలావరకు హెచ్‌పీలిప్ అనే డ్రైవర్‌తో పని అయిపోతుంది. జిరాక్స్ షాపుల్లో కనిపించే కానన్ ఎల్‌బీపీ2900 అయితే దానికి క్యాప్ట్ అనే వేరే డ్రైవర్ కావాలి, కూర్చోబెట్టడానికి ఓపిక పడుతుంది. అది ఏదో తేలేదాకా దాన్ని ఆ విండోస్ యంత్రానికే కలిపి ఉంచు. మొదట ఒక పాతదీ ఒక కొత్తదీ సిద్ధం చేసి ఓ వారం పిల్లల చేత వాడించు. ఆ తర్వాతే మిగతావి మొదలుపెట్టు. ప్రింటర్ మోడల్, ర్యామ్ స్టిక్కర్ల ఫొటోలు వాట్సాప్‌లో పంపితే ఏవి కొనాలో జాబితా రాసి ఇస్తాను.

అమ్మనూ నాన్ననూ అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య