అవతలివారు అదేపనిగా ఆలోచిస్తుంటే

ప్రశ్న: మా పేటలోని స్నూకర్ పార్లర్‌లో ప్రతి ఆదివారం ఒక మిత్రుడితో ఆడతాను. ఆయన ఒక్కో షాట్‌కు రెండు మూడు నిమిషాలు తీసుకుంటారు. క్యూ (బంతిని కొట్టే కర్ర) కొనకు చాక్ రుద్దుకుంటూ టేబుల్ చుట్టూ తిరుగుతారు, వంగుతారు, లేస్తారు, మళ్లీ చాక్ అందుకుంటారు. ఓడినవాళ్లు టేబుల్ డబ్బులు కట్టాలన్నది మా పద్ధతి. నా వంతు వచ్చేసరికి చిరాకుతో తొందరపడి, పాకెట్ అంచున ఉన్న రెడ్ బంతిని కూడా పోగొట్టుకుంటున్నాను. ఆయన మనసు నొచ్చుకోకుండా ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ ఉత్తరంలో రెండు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి ఆయన నిదానం, రెండోది మీ తొందర. మొదటిది పూర్తిగా మీ చేతుల్లో లేదు కనుక రెండోదానితోనే మొదలుపెడతాను.

2005లో షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో ప్రపంచ స్నూకర్ చాంపియన్‌షిప్ క్వార్టర్ ఫైనల్ జరిగింది. రానీ ఓ సలివాన్ ఒక దశలో పీటర్ ఎబ్డన్ మీద 8–2 ఫ్రేమ్‌ల (ఫ్రేమ్ అంటే ఒక విడత ఆట) ఆధిక్యంలో ఉన్నాడు. ఆ తరువాత ఎబ్డన్ ఆట ఎంతగా నెమ్మదించిందంటే, కేవలం 12 పాయింట్ల బ్రేక్‌కు (ఒకే వంతులో వరసగా సాధించిన పాయింట్లకు) అయిదు నిమిషాలకు పైగా తీసుకున్నాడు. ఇదే వేదిక మీద 1997లో ఓ సలివాన్ మొత్తం 147 పాయింట్ల బ్రేక్‌ను అయిదు నిమిషాల పైచిలుకులో ముగించాడని తలచుకుంటే, కుర్చీలో కూర్చుని ఎదురుచూడటం అతనికి ఎంత కష్టమై ఉంటుందో ఊహించవచ్చు. చివరికి ఎబ్డన్ 13–11తో గెలిచాడు. ఎబ్డన్ చేసింది తప్పా ఒప్పా అన్న వాదన ఈనాటికీ తెగలేదు. నామటుకు నాకు ఆ ఆట చూడటానికి బాధగానే ఉంటుంది. కానీ ఆ మ్యాచ్‌లో నిదానంగా ఆడినందుకు ఎబ్డన్ ఖాతాలోంచి ఒక్క ఫ్రేమ్ కూడా ఎవరూ తీసివేయలేదన్నది మీరు గుర్తుపెట్టుకోవలసిన విషయం. ఓ సలివాన్ అంతటి ఆటగాడికే కుర్చీలో ఓపిక నిలవలేదంటే, మీకు చిరాకు పుట్టడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

కుర్చీలో ఉన్నప్పుడు ఆయన ముఖాన్నీ గోడ గడియారాన్నీ చూడటం మానేసి, బంతుల మీద చూపు నిలపండి. ఆయన ఈ రెడ్ తప్పితే తెల్ల బంతి ఎక్కడ ఆగుతుంది, అక్కడి నుంచి మీకు దొరికే షాట్ ఏది, ఏమీ దొరకకపోతే సేఫ్టీ (ఎదుటివారికి సులువైన షాట్ మిగలకుండా ఆడే దెబ్బ) ఎటు ఆడాలి అని లెక్క వేసుకుంటూ ఉంటే ఆయన తీసుకున్న రెండు నిమిషాలు మీకు కూడా పనికివస్తాయి. ఇక లేచి టేబుల్ దగ్గరకు వెళ్లాక, ఆయన వృథా చేసిన కాలాన్ని మీరు ఆదా చేయాలని చూడకండి. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. మామూలుగా మీరు ఒక షాట్‌కు ఇరవై సెకన్లు తీసుకునేవారైతే, మూడు నిమిషాలు ఎదురుచూసిన తరువాత కూడా ఆ ఇరవై సెకన్లూ తీసుకునే కొట్టండి.

ఆయనతో మాట్లాడటం మాత్రం తప్పదు. ఆయన క్యూ మీద వంగి ఉన్నప్పుడు కాదు, ఫ్రేమ్ మధ్యలోనూ కాదు. తరువాతి ఆదివారం బంతులు పేర్చకముందే, టీ తాగుతూ మాట్లాడండి. ‘మీరు ఆలస్యం చేస్తున్నారు’ అనకుండా, ‘టేబుల్ డబ్బులు ఇకమీదట చెరిసగం పెట్టుకుందాం’ అనండి. గంట లెక్కన అద్దె పడే చోట ఓడినవారే మొత్తం కట్టాలన్న పద్ధతి, గెలుస్తున్నవారి నిదానానికి వెల కట్టకుండా వదిలేస్తుంది. ఖర్చులో వాటా ఉన్నప్పుడు చాక్ రుద్దడం దానంతట అదే తగ్గడం నేను చాలా పార్లర్లలో గమనించాను. అది కుదరకపోతే, ఇద్దరికీ వర్తించేటట్టు షాట్‌కు నలభై సెకన్లు అనుకుని, మార్కర్‌నే (పార్లర్‌లో స్కోరు చూసే మనిషినే) ఫోన్‌లో సమయం చూడమనండి. మూడో మనిషి చెప్పినప్పుడు స్నేహితుల మధ్య మాట పట్టింపులు రావు.

ప్రశ్న: ఒక షాట్‌కు ఇన్ని సెకన్లని నియమాలలో ఎక్కడైనా ఉందా?
– ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: పూల్‌లో ఉంది. ప్రపంచ పూల్ బిలియర్డ్ సంఘం నియమాల ప్రకారం ఎవరైనా మరీ నెమ్మదిగా ఆడుతున్నారని రెఫరీకి అనిపిస్తే ముందు వేగం పెంచమని చెబుతారు, అప్పటికీ మార్పు లేకపోతే ఆ మ్యాచ్‌కు షాట్ క్లాక్ పెట్టవచ్చు. ఆ క్లాక్ ఇద్దరికీ వర్తిస్తుంది. సంఘం సూచించిన గడువు 35 సెకన్లు, 10 సెకన్లు మిగిలి ఉండగా హెచ్చరిక, ఒక్కో ర్యాక్‌కు (పూల్‌లో ఒక ఆటకు) ఒక్కసారి 25 సెకన్ల పొడిగింపు. గడువు దాటితే ఫౌల్. ఎయిట్ బాల్, నైన్ బాల్ అనే పూల్ ఆటల్లో తెల్ల బంతిని ఎదుటివారు తమకు నచ్చిన చోట పెట్టుకుని ఆడతారు.

స్నూకర్‌లో సాధారణ పోటీలకు సెకన్ల లెక్క లేదు. షాట్ ఎంచుకోవడానికో ఆడటానికో అసాధారణమైన సమయం తీసుకుంటున్నారని రెఫరీ భావిస్తే హెచ్చరించవచ్చు, అయినా మారకపోతే ఫ్రేమ్‌ను ఎదుటివారికి ఇచ్చేయవచ్చు. ‘అసాధారణం’ అంటే ఎంత అన్నది రెఫరీ విచక్షణకే వదిలేశారు. షూటౌట్ అనే పోటీ భిన్నం: అందులో ఫ్రేమ్ మొత్తం పది నిమిషాలే, మొదటి అయిదు నిమిషాల్లో షాట్‌కు 15 సెకన్లు, తరువాత 10 సెకన్లు. ఫ్రేమ్ సాగినంత మాత్రాన ఎవరో కావాలని సాగదీశారని అనుకోకండి. 2022 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మార్క్ సెల్బీ, యాన్ బింగ్‌టావ్ ఆడిన ఒక ఫ్రేమ్‌కు 85 నిమిషాలు పట్టింది. 2017 అర్హత పోటీల్లో ఫెర్గల్ ఓ బ్రయన్, డేవిడ్ గిల్బర్ట్ ఆడిన ఒక ఫ్రేమ్ రెండు గంటలు దాటింది. బంతులు కుషన్లకు (టేబుల్ అంచులకు) అతుక్కుని ఎవరికీ దారి దొరకనప్పుడు ఆట ముందుకు కదలదు. మీ పార్లర్‌లో అలా జరిగితే ఇద్దరూ ఒప్పుకుని బంతులు మళ్లీ పేర్చుకోవడం నియమాలు అంగీకరించే మార్గమే.

ప్రశ్న: నా సమస్య తలకిందులు. నేనే నెమ్మదిగా ఆడతానని మిత్రులు నాతో ఎయిట్ బాల్ ఆడటం మానేస్తున్నారు. తొందరగా ఆడితే తప్పులు పెరుగుతున్నాయి.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, వేగం పెంచుకోవాలని చూడకండి, సమయం ఎక్కడ పోతున్నదో చూడండి. ఒక ర్యాక్ మొత్తాన్ని ఎవరితోనైనా ఫోన్‌లో తీయించి, ఇంట్లో తీరికగా చూసుకోండి. నిలబడి ఆలోచించిన సమయాన్నీ, వంగాక గడిపిన సమయాన్నీ విడివిడిగా కాగితం మీద రాయండి. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన ఒక అబ్బాయి వీడియోలో, అతను వంగి క్యూను ముందుకూ వెనక్కూ పదకొండు సార్లు ఆడించి, కళ్లను తెల్ల బంతి మీద నుంచి పాకెట్‌కూ అక్కడి నుంచి పక్క బంతికీ తిప్పి, పన్నెండోసారి కొట్టి తప్పాడు. ఏ బంతి ఆడాలో తేల్చుకోకుండానే వంగాడన్నది అతని చూపుల్లోనే కనిపించింది.

నిర్ణయం నిలబడి ఉండగానే జరగాలి. వంగిన తరువాత గురి తప్ప మరో ఆలోచన ఉండకూడదు. సందేహం వస్తే అక్కడే తంటాలు పడకుండా లేచి నిలబడి, మళ్లీ తేల్చుకుని వంగండి. ఇలా లేవడం వల్ల ఆలస్యం పెరుగుతుందనిపిస్తుంది కానీ, నెల తిరిగేసరికి లేవవలసిన అవసరమే తగ్గుతుంది. క్యూ ఆడించడానికి మూడో నాలుగో అని ఒక లెక్క పెట్టుకుని ప్రతి షాట్‌కూ అదే పాటించండి. ఎయిట్ బాల్‌లో బ్రేక్ (ఇక్కడ ఆట మొదలుపెట్టే తొలి షాట్) తరువాత మీ వంతు మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం ఒక నిమిషం నిలబడి, మీ గుంపులోని ఏడు బంతుల వరుసనూ నల్ల బంతికి పాకెట్‌నూ ఆలోచించుకోండి. ఆ ఒక్క నిమిషాన్ని ఎవరూ తప్పుపట్టరు, దాని తరువాతి షాట్లు చకచకా సాగుతాయి. చాక్ నడుస్తూనే రుద్దుకోవచ్చు.

ప్రశ్న: మా తెలుగువాళ్ల జట్టు ఇక్కడ అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్ లీగ్‌లో ఆడుతుంది. ప్రతి షాట్‌కూ నలుగురూ చర్చకు దిగడంతో ఎదుటి జట్టు విసుక్కుంటోంది.
– ఒక కెప్టెన్, డల్లాస్

జవాబు: విసుక్కోవడం న్యాయమే. ఆ లీగ్ ఎయిట్ బాల్‌లో నైపుణ్య స్థాయి 3, అంతకు తక్కువ ఉన్నవారికి ఒక్కో ఆటకు రెండు టైమౌట్లు (సలహా కోసం ఆట ఆపే విరామాలు), ఆ పైవారికి ఒకటి మాత్రమే ఉంటాయి. ఒక్కొక్కటి నిమిషంలో ముగించాలి. ఆట మొదలయ్యే ముందే సలహా చెప్పే మనిషిని ఒక్కరినే నిర్ణయించండి. ఆయన టైమౌట్ అడగక ముందే కుర్చీలోనే షాట్ తేల్చుకుని, టేబుల్ దగ్గరకు వచ్చి రెండు మాటల్లో చెప్పి వెనక్కి రావాలి. మిగతావారు కూర్చునే ఉండాలి. ఇప్పటిదాకా జరిగినదానికి మీరే వెళ్లి ఎదుటి జట్టు కెప్టెన్‌తో ఒక మాట చెప్పండి, ఆటగాళ్లను ఒకరి మీదకు ఒకరిని పంపకండి.