గట్టు మీద చెట్టు పెడితే పంట పోతుందా?

ప్రశ్న: మాకు నాలుగెకరాల ఎర్రనేల ఉంది, వర్షాధారంగా వేరుశనగ వేస్తాం. చెట్లు పెడదామంటే నీడకు పంట పోతుందని నాన్న ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?
– ఒక రైతు, కళ్యాణదుర్గం

జవాబు: నాన్నగారి భయం నిజమే తమ్ముడూ, నీలగిరి పెడితే. నేనైతే గట్ల మీద పచ్చిరొట్ట ఎరువుకు పనికొచ్చే గిరిపుష్పం (గ్లిరిసిడియా) చెట్లు పెట్టమంటాను. కొమ్మ నాటినా బతుకుతుంది గానీ, మీ మెట్టలో విత్తనం నుంచి పెంచిన మొక్కకే వేరు లోతుగా దిగుతుంది. విత్తే ముందు కొమ్మలు కొట్టి రొట్టను చేలో కలియదున్నండి. నీడ ఉండదు, నేలకు నత్రజని అందుతుంది. బయటి గట్టుకు సీతాఫలం వేయండి, దాని ఆకు మేకలు ముట్టవు. మామిడి కూడా కావాలంటే ముందు ఒక్క ఎకరంలో 10 మీటర్ల ఎడంతో 40 మొక్కలు పెట్టండి. చెట్లు కమ్ముకునేదాకా సాళ్ల మధ్య వేరుశనగ, ఉలవ వేసుకోవచ్చు. మొదటి వేసవుల్లో మాత్రం మొక్కలకు నీళ్లు మోయక తప్పదు, ఆ టెన్షన్‌కు సిద్ధపడే మొదలుపెట్టండి.