టాల్‌స్టాయ్ జీవితం రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి చిన్నమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నీవు తెలుగులో టాల్‌స్టాయ్ జీవితచరిత్ర రాయబూనుకున్నావని మీ నాన్న నిన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నేను ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. మన ఇంట మరొకరు కలం పట్టారన్న గర్వం ఒకవైపు ఉంటే, మూడు నెలల్లో ముగిస్తానని కూడా అన్నావని విని కలిగిన భయం మరొకవైపు ఉంది. ఆయన రచనలు, డైరీలు, ఉత్తరాలు కలిపి రష్యాలో 1928 నుంచి 1958 దాకా 90 సంపుటాలుగా అచ్చువేశారు. నీ మూడు నెలలు ఆ సంపుటాల విషయసూచికలకే సరిపోవు తల్లీ.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. తేదీలు రష్యా పాత పంచాంగం ప్రకారమో కొత్తదాని ప్రకారమో మొదటి పుటలోనే చెప్పు. 1828 ఆగస్టు 28 అన్నా, సెప్టెంబరు 9 అన్నా ఆయన పుట్టినరోజే. కాకసస్, సెవస్తోపోల్ సైనిక జీవితాన్ని తొందరగా దాటవేయకు. తర్వాత హింసను కాదన్న ఆ మనిషి ఫిరంగుల మధ్య నిలబడి చూసినవాడు.

ఇక అసలు సంగతి. ముప్పయ్యో ఏట నేను ఒక వారపత్రికకు టాల్‌స్టాయ్ మీద వరుస వ్యాసాలు రాశాను. పుస్తకాల బండి ఊళ్ళోకి వస్తే, మాస్కోలో తెలుగులో అచ్చయిన గట్టి అట్టల పుస్తకాల కోసం ఎదురు పరుగెత్తే రోజులవి. అయితే ఆయన జీవితం గురించి నాకు దొరికినవి మాత్రం శిష్యులు రాసినవీ, శిష్యుల మాట నమ్మినవారు రాసినవీ. వాటిని పట్టుకొని, 82 ఏళ్ళ వృద్ధుడు చలిలో, తెల్లవారకముందే ఇల్లు విడిచిపోవడానికి భార్య సోఫియా ధనాశే కారణమని తీర్పు చెప్పాను. గయ్యాళి అన్న మాట కూడా వాడాను. నా దస్తూరీ కంపోజిటర్లకు అర్థమయ్యేది కాదు కనుక, మీ పెద్దమ్మ వంటిల్లు సర్దుకొని, మీ అన్నను నిద్రపుచ్చి, ఆ వ్యాసాలకు శుద్ధప్రతి రాసేది. ఆ వారం శుద్ధప్రతి అంచున పెన్సిలుతో ఒక ప్రశ్న ఉంది: "పదముగ్గురిని కన్నది కదా, ఆవిడ ఏమంటుంది?" నేను రబ్బరు తీసి దాన్ని చెరిపేశాను. వ్యాసం అచ్చయింది, మెచ్చుకుంటూ ఉత్తరాలూ వచ్చాయి.

ఆవిడ ఏమంటుందో నేను చదివింది ఇరవై ఏళ్ళ తర్వాత, సోఫియా డైరీలు ఇంగ్లీషులో దొరికినప్పుడు. 1862లో పెళ్ళినాటికి ఆమెకు 18, ఆయనకు 34. పెళ్ళికి ముందే తన పాత డైరీలను, పూర్వ సంబంధాల వివరాలతో సహా, ఆ పిల్ల చేతిలో పెట్టాడు. నిజాయితీ అనుకొని చేసిన ఆ పని ఆమెను జీవితాంతం బాధించింది. (ఆ ఘట్టాన్నే 'అన్నా కరేనినా' నవలలో లెవిన్, కిట్టీ అన్న జంటకు ఇచ్చాడు.) పిల్లల్లో ఐదుగురు చిన్నతనంలోనే పోయారు. 'యుద్ధము-శాంతి' చిత్తుప్రతులను రాత్రిళ్ళు కూర్చొని మళ్ళీ మళ్ళీ శుభ్రంగా రాసిందీ, భర్త పుస్తకాలను అచ్చువేయించిందీ ఆమే. దాంపత్యాన్నే నిందించే 'క్రూట్జర్ సొనాటా' తనను లోకుల నోళ్ళలో వేస్తుందని తెలిసి కూడా, 1891లో స్వయంగా రష్యా చక్రవర్తి జారును కలిసి దాని ప్రచురణకు అనుమతి తెచ్చింది. అదే ఏడు టాల్‌స్టాయ్ 1881 తర్వాతి రచనలపై హక్కులు వదులుకుంటున్నానని ప్రకటించాడు. 1910లో ఆమెకు తెలియకుండా వీలునామా రాశాడు.

అలాగని ఆయనను దోషిగా నిలబెట్టకు. అది నా తప్పునే తిరగేసి చేయడమవుతుంది. ఆమె కూడా ఆయన కాగితాలు వెదికింది, చచ్చిపోతానని బెదిరించింది. పేద రైతుల నడుమ ప్రభువుగా బతకడం ఆయనకు నిజంగానే ఊపిరాడనివ్వలేదు. చివరకు అస్తాపోవో స్టేషను మాస్టరు ఇంట్లో న్యుమోనియాతో పడి ఉంటే ఆమె ప్రత్యేక రైలులో వచ్చింది. ఆయనకు స్పృహ తప్పేదాకా ఆమెను లోపలికి రానివ్వలేదు. కిటికీ దగ్గర నిలబడి లోపలికి తొంగిచూస్తున్న ఆమె రూపం ఫిల్ములో మిగిలింది. ఆ కిటికీకి ఇవతల నిలబడి ఒక ప్రకరణమైనా రాయి.

అవన్నీ చదివిన రోజున మీ పెద్దమ్మ దగ్గరకు వెళ్ళి రబ్బరు సంగతి ఒప్పుకున్నాను. "నేనలా రాశానా? గుర్తు లేదండీ" అని మళ్ళీ బియ్యం ఏరుకోవడంలో పడింది. తిట్టినా బాగుండేది.

ఆయన ప్రభావం గురించి రాసేటప్పుడు మహామహుల పేర్లు పేర్చుకుంటూ పోవద్దు. లోతుగా రాస్తే గాంధీ ఒక్కడు చాలు. 'దేవుని రాజ్యం నీలోనే ఉంది' అన్న టాల్‌స్టాయ్ గ్రంథాన్ని దక్షిణాఫ్రికాలో చదివి కదిలిపోయిన ఆయన, 1909లో టాల్‌స్టాయ్‌కి ఉత్తరం రాశాడు. మరుసటి ఏడు జోహానెస్‌బర్గ్ దగ్గర తన మిత్రుడు కాలెన్‌బాక్ ఇచ్చిన 1,100 ఎకరాల్లో టాల్‌స్టాయ్ ఫామ్ నెలకొల్పాడు. యస్నయా పొల్యానా అన్న ఎస్టేటుకు యజమాని అయిన టాల్‌స్టాయ్ కోరుకొని కూడా పూర్తిగా బతకలేకపోయిన బతుకును సత్యాగ్రహుల కుటుంబాలు అక్కడ చెప్పులు కుడుతూ, తోటపని చేస్తూ బతికి చూశాయి. అక్కడికి వచ్చాక కస్తూర్బాను మరిచిపోయావో, నేను ఊరుకోను.

పుస్తకాల పెట్టె అటక మీద నుంచి దింపించాను; చెదలు చేరకముందే వచ్చి తీసుకువెళ్ళు. రాత్రిళ్ళు మేలుకొని కళ్ళు పాడుచేసుకోకు. మొదటి ప్రకరణం పూర్తికాగానే నాకు కాదు, పెద్దమ్మకు పంపు. ఇప్పుడు ఆమె చేయి వణుకుతున్నది, అక్షరం పెద్దదిగా వస్తున్నది. కాబట్టి అంచుల్లో ఖాళీ కాస్త ఎక్కువగా వదులు.

ఇట్లు,
పెదనాన్న