మాడ్యులర్ కిచెన్ ఖర్చంతా ఇంటి విలువలో ఎందుకు కలవలేదంటే

ఇంటి ధర లెక్కకట్టే వాల్యుయర్ మీ మాడ్యులర్ కిచెన్ విలువ తగ్గించేశారని మీరు బాధపడుతున్నారు కానీ, ఆ లెక్కలో నాకు అన్యాయం కనిపించడం లేదండీ. మీరు పెట్టిన ఖర్చు వేరు, దానివల్ల ఇంటికి పెరిగే ధర వేరు. అలాంటి ఇల్లే ఆ కిచెన్ లేకుండా ఎంతకు పోతుంది, ఉంటే ఎంతకు పోతుంది? మార్కెట్ పద్ధతిలో ఆ తేడానే దాని విలువ. నిర్మాణ ఖర్చు పద్ధతిలోనైనా ఈనాటి ఖర్చు కట్టి, అందులోంచి తరుగుదల, అంటే పాతబడి తగ్గిన విలువ, తీసేస్తారు. మీ అభిరుచికి తగ్గట్టు చేయించుకున్న డిజైన్ కొనేవాళ్లకు నచ్చకపోతే ఇంకా తగ్గుతుంది.

ఇక ఇల్లు అమ్మితే మీ షాండ్లియర్, అంటే కప్పుకు వేలాడే అలంకార దీపం, ఎవరిదవుతుందన్న సంగతి. సాధారణంగా కప్పుకు వైరింగ్‌తో బిగించినది ఫిక్స్‌చర్ (ఇంటికి బిగించి, ఇంట్లో భాగంగా లెక్కించే వస్తువు) కిందికే వస్తుంది, అమ్మినప్పుడు ఇంటితోపాటే పోతుంది. ఎలా బిగించారు, తీస్తే ఇంటికి దెబ్బ తగులుతుందా, శాశ్వతంగా ఉంచాలనే పెట్టారా అని చూస్తారు. ప్లగ్ తీసి పట్టుకెళ్లగలిగే ఫ్రిజ్ మాత్రం చరాస్తి. ఇంటి విలువలో కలపరు.

షాండ్లియర్ మీకు కావాలంటే ఇల్లు చూపించకముందే తీసేసి మామూలు లైటు పెట్టండి. ఇప్పటికే చూపించేసి ఉంటే, అది అమ్మకంలో లేదని ఒప్పందంలో స్పష్టంగా రాయించండి. నోటిమాట మీద వదిలేయకండి.