నూకలతో ఈకలు రావు

అమ్మా గౌరీ,

నాలుగో వారం నడుస్తున్నా నీ కోడిపిల్లల వీపు మీద ఇంకా నూగే ఉందని రాశావు. టానిక్కు సీసాకి డబ్బు పెట్టకు. ముందు ఒక్కో పిల్లనీ చేతిలోకి తీసుకుని రెక్క విప్పి, తోక మొదలు చూడు. అసలు ఈకే రావడం లేదా, వచ్చిన ఈక పోతోందా అన్నది అక్కడే తేలిపోతుంది. తోక మొదట్లో నెత్తురు చుక్కలు, విరిగిన ముళ్లు (అప్పుడే మొలిచే ఈక మొలకలు) కనిపిస్తే తోటి పిల్లలు పొడుచుకు తింటున్నట్టే. కొత్త ఈక ముల్లులో నెత్తురుంటుంది, ఒకసారి దాని రుచి మరిగితే మానవు. దెబ్బ తగిలిన దాన్ని వేరు చేసి, మిగతావాటికి చోటు పెంచు. నాలుగు వారాల దాకా పిల్లకి అర చదరపు అడుగు, ఆ తర్వాత ఒక అడుగు ఉండాలి.

ముళ్లే కనబడకపోతే జాతి చూడు. రెక్క ఈకలు మొదటి వారంలో, తోక రెండో వారంలో, భుజాలూ వీపూ మూడు నాలుగు వారాల్లో వచ్చి, ఆరో వారానికి ఒళ్లు నిండడం మామూలు లెక్క. వైట్ లెగ్‌హార్న్ లాంటి తేలిక జాతులు దీనికంటే ముందే ఉంటాయి. అసీలు, బ్రహ్మ లాంటి బరువు జాతులు వెనకబడతాయి, వాటిలోనూ పెట్టల కంటే పుంజులు ఇంకా ఆలస్యం. ఆలస్యంగా ఈకలొచ్చే గుణం వంశంలోనే ఉంటుంది, దానికి మందు లేదు. గుంపులో కొన్ని పుంజులే బోడిగా ఉండి, చురుగ్గా తిని బరువు పెరుగుతుంటే దిగులు పడకు.

గుంపు మొత్తం వెనకబడిందంటే మాత్రం తప్పు మేతలోనే వెతకాలి. ఈకలో నూటికి తొంభై పాళ్లు మాంసకృత్తులే. నూకల్లో అవి సుమారు 8 శాతమే. పిల్లకి కావలసింది 20 నుంచి 22 శాతం. దుకాణంలో కొన్న స్టార్టర్ మేతలో, అంటే చిన్న పిల్లల కోసం తయారుచేసిన మేతలో, సగానికి సగం నూకలు కలిపితే అది 14, 15 శాతానికి పడిపోతుంది. సంచి ఎక్కువ రోజులు వస్తుందని మనవాళ్లు చేసే పని ఇదే. అలా చేస్తే పిల్ల ప్రాణంతో ఉంటుంది, ఈక మాత్రం వేయదు. ఆరు వారాలకి పిల్లకి సుమారు కిలో స్టార్టర్ పడుతుంది. పాతిక పిల్లలకి పాతిక కిలోల సంచి ఒకటి. అంతవరకు నూకల జోలికి పోకు.

ఇంట్లోనే కలుపుకుంటానంటే పది కిలోలకి నూకలు లేదా మొక్కజొన్న రవ్వ 5 కిలోలు, సోయా చెక్క 2, వేరుశనగ చెక్క 1, తవుడు 1, నువ్వుల చెక్క అర కిలో, ఉప్పు లేని ఎండు చేప పొడి 300 గ్రాములు, ఖనిజ మిశ్రమం 200 గ్రాములు. వేరుశనగ చెక్క ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అందులో మాంసకృత్తులు దండిగా ఉన్నా ఈకకి ముఖ్యమైన మిథియోనిన్ అనే మాంసకృత్తుల భాగం తక్కువ. ఆ లోటు నువ్వుల చెక్క, చేప, గుడ్డు తీరుస్తాయి. హార్బర్ దగ్గర ఎండబెట్టి అమ్మే నెత్తళ్లు బాగుంటాయి గానీ ఇసుక పోయేలా కడిగి మళ్లీ ఎండబెట్టి దంచు. ఉప్పు పట్టించిన చేప మాత్రం ఎంత చవకైనా వద్దు. ఉప్పెక్కువైతే పిల్లలు నీళ్లు తెగ తాగి, నీళ్ల రెట్టలు పెట్టి చచ్చిపోతాయి. మొదటి రెండు వారాలు ఉడికిన గుడ్డు ఒకటి చిదిమి పది పిల్లలకి రోజు విడిచి రోజు పెట్టు. మిగిలింది గంటలో తీసేయాలి.

మన విశాఖ తేమకి చెక్కలు తొందరగా బూజు పడతాయి. బూజు విషం కాలేయాన్ని దెబ్బ కొడుతుంది, ఆపైన ఎంత మంచి మేత వేసినా ఒంటికి పట్టదు. సంచిని నేల మీద కాక చెక్క బల్ల మీద, గోడకి ఎడంగా పెట్టు. ముక్క వాసన వస్తే పారేయ్.

పిల్లలకి వెచ్చదనం కోసం పెట్టే బల్బు సంగతి కూడా చూసుకో. మొదటి వారం 35 డిగ్రీలు, ఆపైన వారానికి మూడేసి తగ్గించాలి. పాతిక పిల్లలకి 60 వాట్ల బల్బు చాలు. మే నెల పగళ్లలో అసలక్కర్లేదు. అందరూ చలికే భయపడతారు గానీ ఇక్కడి ఉక్కకి వేడెక్కువై నోళ్లు తెరిచి రొప్పే పిల్ల మేత తినదు, ఈకా వేయదు. అలాంటి రోజుల్లో తెల్లారగట్ల, పొద్దుగూకాక మేత వేయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలి, గోడలకి అంటుకుని పోతే వేడి.

మేత మార్చాక పది పదిహేను రోజులకి కొత్త ముళ్లు కనిపించాలి. ఈలోగా రెట్టలో నెత్తురు కనిపించినా, పిల్లలు రెక్కలు వేలాడేసి మూలకి చేరినా ఆగకుండా ఒక పిల్లనీ, కాగితంలో తాజా రెట్టనీ పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లు. వీపు పూర్తిగా కప్పుకునేదాకా వాటిని వానలోకి వదలకు.

మీ పెదనాన్న