మార్చిలోనే బఠాణీ పెట్టు తల్లీ

చిరంజీవి అమ్మలుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. కొత్త ఇంటి పెరట్లో ఈ ఏడు కూరగాయలు పండించాలని ఉందనీ, మే నెల మధ్యలో మొదలుపెడతాననీ ఫోనులో అన్నావు. బెండ, సొర, బీర, గోంగూరలకైతే అది సరైన సమయమే. బఠాణీకి మాత్రం అప్పటికి పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. మన న్యూజెర్సీలో బఠాణీ మార్చిలో మొదలవ్వాలి, జూన్ చివరికి తీగ తీసేయాలి. అందుకే ఫిబ్రవరిలోనే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన దేశంలో బఠాణీని అక్టోబరు, నవంబరుల్లో విత్తి చలికాలంలో కాయలు కోస్తారు. ఇక్కడ చలికాలంలో నేలే గడ్డకట్టుకుపోతుంది. కాబట్టి మంచు కరిగాక, ఎండలు ముదరకముందు దొరికే కొద్ది వారాల్లోనే పంట తీయాలి. పగటి వేడి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మొదలైతే పూత రాలుతుంది, కాయ సరిగా నిండదు, నిండినా గింజ తీపి తగ్గి పిండిగా ఉంటుంది. ఇక్కడి తెలుగువాళ్లు చాలామంది బఠాణీని కూడా చిక్కుడుతోపాటు విత్తి, జూన్‌లో ఎండిపోతున్న తీగలకు నీళ్లమీద నీళ్లు పోస్తూ బాధపడతారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ తీగకు కావలసింది నీళ్లు కాదు, చల్లటి రోజులు.

మార్చిలో రాత్రిళ్లు మంచు పడుతుంది కదా అని నువ్వు భయపడతావని తెలుసు. లేత బఠాణీ మొక్క 28 డిగ్రీల (ఈ ఉత్తరంలో డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే) చలిని తేలిగ్గానే తట్టుకుంటుంది. బీన్స్ గింజ మొలిచేటప్పుడు రెండు బద్దలూ మట్టిని చీల్చుకుని పైకి వస్తాయి. చలికి అవి మాడిపోతే మొక్క పని అయిపోయినట్టే. బఠాణీ బద్దలు మన కందిలాగే మట్టిలోనే ఉండిపోతాయి, చిగురు ఒక్కటే పైకి వస్తుంది. గట్టి మంచుకు ఆ చిగురు పోయినా, కుందేలు కొరికేసినా, మట్టిలో ఉన్న కణుపు నుంచి ఇంకో చిగురు లేవడానికి అవకాశం ఉంటుంది. చలికి జడిసి పూత సమయాన్ని ఎండల్లోకి నెట్టకు.

నిజంగా జాగ్రత్తపడవలసింది తడి నేల విషయంలో. మార్చి 17న వచ్చే సెయింట్ పాట్రిక్స్ డే పండుగ నాటికి బఠాణీ విత్తేయాలని ఇక్కడివాళ్లు తరాలుగా చెప్పుకుంటారు. గుర్తుపెట్టుకోవడానికి మంచి తేదీ, కానీ తేదీని చూసి కాదు, మట్టిని చూసి దిగాలి. నాలుగంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిడికిలి బిగించు. చెయ్యి తెరిచి ఆ ముద్దను బొటనవేలితో నొక్కు. పొడిపొడిగా విడిపోతే విత్తొచ్చు. ముద్దగానే ఉండి, నొక్కినచోట వేలిముద్ర నున్నగా మెరిస్తే ఇంకో వారం ఆగు. అలాంటి నేలలో గింజ మొలవకముందే కుళ్లిపోతుంది. పైగా తడిలో తొక్కిన బంకమట్టి ఇటుకలా బిగిసిపోయి ఏడాదంతా నిన్ను సతాయిస్తుంది. మీ ఎడిసన్ ఊరి వైపు చాలాచోట్ల ఎర్రటి బంకనేలే కాబట్టి, పలకలతో ఎనిమిది పది అంగుళాల ఎత్తు మడి కట్టుకోవడం మంచిది. ఎత్తు మడిలో నీరు త్వరగా దిగుతుంది, మట్టీ ముందుగా వెచ్చబడుతుంది.

మట్టిని రట్‌గర్స్ విశ్వవిద్యాలయం వారి ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించు. మట్టి ఆమ్లగుణాన్ని చెప్పే పీహెచ్ 6కూ 7కూ మధ్య ఉంటే బఠాణీకి హాయి. తక్కువ ఉంటే ఎంత సున్నం కలపాలో వాళ్లే రాసి పంపుతారు. బాగా మాగిన కంపోస్టు రెండంగుళాల మందాన పరిచి పైపైన కలుపు. నత్రజని ఎక్కువ ఉన్న ఎరువులు మాత్రం వేయకు. ఆకు ఏపుగా పెరుగుతుంది, కాయ రాదు.

నత్రజనిని బఠాణీ గాలి నుంచి తనే సంపాదించుకుంటుంది, వేళ్లలో కాపురముండే రైజోబియం బాక్టీరియా సాయంతో. మీ పెరట్లో ఇదివరకు బఠాణీ వేశారో లేదో తెలియదు కాబట్టి మొదటి ఏడాది ఆ బాక్టీరియా పొడి పొట్లం ఒకటి కొను. పొట్లం మీద బఠాణీ పేరు ఉండాలి, సోయాకు ఉద్దేశించినది దీనికి పనిచేయదు. గింజలను కొద్దిగా తడిపి, ఆ నల్లటి పొడి పట్టించి, వెంటనే విత్తేయాలి. పూత సమయంలో ఒక మొక్కను మెల్లగా తవ్వి చూడు. వేళ్లకు ఆవగింజలంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోరుతో చీలిస్తే లోపల గులాబీ రంగు ఉండాలి. అలా ఉంటే బాక్టీరియా బాగా పనిచేస్తున్నట్టే.

ఇక విత్తనాల సంగతి. ఇండియన్ స్టోరులో దొరికే ఎండు బఠాణీలు విత్తకు. మొలిస్తే మొలుస్తాయి గానీ అది ఏ రకమో, ఎన్ని రోజులకు కాస్తుందో ఎవరికీ తెలియదు, మనకున్న వ్యవధేమో చిన్నది. పొట్లం వెనక 65 రోజుల లోపు అని రాసి ఉన్న రకమే తీసుకో. గింజ నున్నగా, గుండ్రంగా ఉండే అలాస్కా లాంటి రకాలు చల్లటి తడి నేలను బాగా ఓర్చుకుంటాయి, ముందుగా కాస్తాయి, కానీ తీపి తక్కువ. ముడతలుపడ్డ గింజలుండే లిటిల్ మార్వెల్ లాంటి రకాల్లో చక్కెర ఎక్కువ, రుచి ఎక్కువ, మొలిచేటప్పుడు నాజూకుతనమూ ఎక్కువే. మెండెల్ అనే శాస్త్రవేత్త తన బఠాణీ ప్రయోగాల్లో వేరుచేసి చూసిన లక్షణాల్లో ఈ నునుపూ ముడతలూ కూడా ఉన్నాయి, స్కూల్లో చదువుకునే ఉంటావు. నా మాట వింటే ముడతల రకమే వేసుకో. దాని నాజూకుతనానికి మందు ఉంది, కింద చెబుతాను. పిల్లలు తొక్కతో సహా తినడానికి షుగర్ ఆన్ అనే రకం కొన్ని వేయి. తీగ రెండడుగుల చిల్లర దాటదు, ముందుగా కాస్తుంది. పైన గులాబీ రంగు పూసి ఉన్న గింజలు బూజును చంపే మందు పట్టించినవి, వాటిని పిల్లలకు అందనివ్వకు. దుకాణంలో పక్కనే స్వీట్ పీ అనే పొట్లాలు కూడా ఉంటాయి. అది పూలమొక్క, దాని గింజలు విషం. పొరపాటున కూడా తెచ్చుకోకు.

ముడతల గింజలను ఇంట్లో మొలిపించి నారుగా నాటుకోవడమే ఆ మందు. నేల 40 డిగ్రీల దగ్గర ఉంటే బఠాణీ మొలవడానికి నెల పైనే పడుతుంది, అన్నాళ్లూ గింజ తడిలో నానుతూ ఎలుకలకూ తెగుళ్లకూ దొరికిపోతుంది. అదే 60 డిగ్రీల చోట తొమ్మిది పది రోజుల్లో మొలుస్తుంది. మార్చి మొదటి వారంలో టాయిలెట్ పేపరు అయిపోయాక మిగిలే అట్ట గొట్టాలను ట్రేలో నిలబెట్టి, కుండీ మట్టి నింపి, గొట్టానికి రెండు గింజలు అంగుళం లోతులో పెట్టు. ఒకసారి బాగా తడిపి, మొలక కనిపించేదాకా మట్టి చెమ్మగా ఉంచితే చాలు, రోజూ నీళ్లు పోస్తే కుళ్లుతాయి. మొలక వచ్చాక వెలుతురు బాగా ఉండి, వేడి తక్కువగా ఉన్నచోట పెట్టు. హీటరు పక్కన కిటికీలో పెడితే మొక్క సన్నగా సాగి కూలిపోతుంది.

మూడంగుళాల ఎత్తు వచ్చేసరికి నాటడానికి సిద్ధం. అంతకుమించి గొట్టాల్లో ఉంచకు, వేళ్లు అడుగున చుట్టుకుపోతే నాటాక కోలుకోవడం కష్టం. నాటే ముందు వారం రోజులు పగలు బయటపెట్టి అలవాటు చెయ్యి. మొదటి రోజు గంట, తర్వాత పూట, చివరి రెండు రోజులు రాత్రిళ్లు కూడా. చలికన్నా ఈదురుగాలే లేత ఆకులను ఎక్కువ దెబ్బతీస్తుంది, గాలి మరుగు చూడు. మబ్బుగా ఉన్న సాయంత్రం నాటితే మేలు. బఠాణీకి వేరు కదిలితే గిట్టదు కాబట్టి గొట్టంతోనే నాటు, దాని అంచు మాత్రం మట్టిపైన కనిపించనివ్వకు. కనిపిస్తే లోపలి తడిని పైకి పీల్చి గాలికి వదిలేస్తుంది. గొట్టానికీ గొట్టానికీ మూడంగుళాలు, రెండు వరుసల మధ్య ఆరంగుళాలు వదిలి, ఆ మధ్యలో వల కట్టు. వరుసలు ఉత్తర దక్షిణాలుగా ఉంటే రెండువైపులా ఎండ తగులుతుంది.

వలను నాటిన రోజే కట్టాలి. చిక్కుడు కాండమే కర్రను చుట్టుకుంటూ ఎక్కుతుంది, దానికి లావు వాసం పాతినా ఫరవాలేదు. బఠాణీ కాండం చుట్టుకోదు. ఆకు చివర ఉండే నులితీగలతో పట్టుకుంటుంది, అవి సన్నటి దారాన్నో పుల్లనో తప్ప లావు కర్రను చుట్టలేవు. నైలాను వల, సన్నటి తీగ జాలీ, లేదా కొమ్మలున్న ఎండు పుల్లలు వరుసగా గుచ్చినా సరిపోతుంది. పొట్టి రకాలకు మూడడుగుల ఎత్తు చాలు.

మార్చిలో పచ్చగా కనిపించేది ఇదొక్కటే కాబట్టి కుందేళ్లు ఎక్కడున్నా వస్తాయి. మడి చుట్టూ అంగుళం కన్నాల జాలీ రెండడుగుల ఎత్తున కట్టి, అడుగుభాగాన్ని కొద్దిగా మట్టిలోకి దింపు. జింకలు తిరిగే చోటైతే పైన కూడా వల కప్పాలి. నాటిన మొదటి రెండు వారాలు పంటల మీద కప్పే పల్చటి తెల్లగుడ్డ వేస్తే గాలికీ పక్షులకూ ఒకేసారి అడ్డం.

విడతలు విడతలుగా విత్తమని కొందరు చెబుతారు. చల్లటి వేసవి ఉన్న దేశాల్లో అది బాగానే ఉంటుంది, ఇక్కడ రెండో విడత ఎండల్లో చిక్కుకుంటుంది. దానికి బదులు తొందరగా కాసేదొకటి, పదిరోజులు వెనక కాసేదొకటి ఒకేరోజు నాటుకో.

పూత వచ్చేదాకా నీళ్లు పొదుపుగానే. తెల్లటి పూలు కనిపించిన దగ్గర్నుంచి మాత్రం వారానికి అంగుళం నీరు తగ్గనివ్వకు, వాన లోటును నువ్వు పూడ్చాలి. నీళ్లు మొక్క మొదలుకే పోయాలి, ఆకుల మీద కాదు. మొదళ్లలో గడ్డి పరిస్తే వేళ్లు చల్లగా ఉంటాయి. లేత కొసలకు పేనుబంక పడితే పైపుతో గట్టిగా నీళ్లు కొట్టు, రాలిపోతుంది. పంట చివర్లో ఆకుల మీద బూడిద తెగులు వస్తే మందులు కొట్టడం అనవసరం, అప్పటికి కాపు ఎలాగూ ముగింపుకొచ్చి ఉంటుంది.

పువ్వు విచ్చిన మూడు వారాలకు కాయ కోతకొస్తుంది. కింది కణుపుల కాయలు ముందు ముదురుతాయి కాబట్టి కోత కింది నుంచి మొదలుపెట్టు. ఒక చేత్తో తీగ పట్టుకుని ఇంకో చేత్తో కాయ తెంపాలి, ఒంటిచేత్తో లాగితే తీగే ఊడి వస్తుంది. కాయ గుండ్రంగా నిండి ఇంకా మెరుస్తున్నప్పుడే కొయ్యి. మెరుపు పోయి తొక్క గరుకుబారిందంటే ముదిరినట్టే. రెండు రోజులకొకసారి తప్పకుండా కోయాలి, ముదురు కాయలు తీగ మీద ఉంటే కొత్త పూత ఆగిపోతుంది. కోసిన క్షణం నుంచి గింజలోని చక్కెర పిండిగా మారడం మొదలవుతుంది. అందుకే వంటకు పొయ్యి వెలిగించే ముందు పెరట్లోకి వెళ్లు. అంత లేత బఠాణీకి మసాలాలు పెట్టకు తల్లీ. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపులో రెండు నిమిషాలు తిప్పి, ఉప్పు చల్లి దించు. మిగిలినవి మరిగే నీళ్లలో నిమిషంన్నర ఉంచి, ఐసు నీళ్లలో ముంచి, ఆరబెట్టి ఫ్రీజరులో పెట్టుకో.

కాపు అయిపోయాక తీగను వేళ్లతో పీకకు, నేల మట్టానికి కత్తిరించు. వేళ్లు అక్కడే కుళ్లి మట్టికి బలమిస్తాయి. మే చివర్లో కుండీల్లో సొర, కాకర నారు పోసుకుని ఉంచితే, జూన్‌లో బఠాణీ తీసిన మర్నాడే అదే మడిలో నాటేయొచ్చు. సొరకు మాత్రం ఆ వల చాలదు, గట్టి పందిరి వేయించు. వచ్చే మూడేళ్లు బఠాణీని వేరే చోట వేయి, నేలలో వేరుకుళ్లు పెరగకుండా ఉంటుంది.

లిటిల్ మార్వెల్ గింజలు, బాక్టీరియా పొడి ఒక కవరులో పెట్టి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. పొడి పొట్లాన్ని ఫ్రిజ్‌లో ఉంచు, ఎండలో పెడితే పనికిరాదు. మట్టి పరీక్ష ఫలితం రాగానే ఫోను చెయ్యి, సున్నం ఎంత వేయాలో ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ